మా కుక్కకి మూడోసారి టాన్సిల్స్... తీయించేయాలా?

ప్రశ్న: మా చిట్టికి రెండేళ్లు. చిన్న జాతి కుక్క, ఆరు కిలోలుంటుంది. టీకాలన్నీ వేయించాం. నాలుగు నెలల కిందట ఒకరోజు గొంతులో ఏదో ఇరుక్కున్నట్టు మెడ ముందుకు చాచి వాక్ వాక్ మంటూ కాస్త తెల్ల నురగ కక్కింది. ఎముక ముక్కేమోనని నోట్లో వేలు పెట్టి చూశాను, ఏమీ దొరకలేదు. మర్నాటికి తిండి మానేసింది. డాక్టరుగారు చూసి టాన్సిల్స్ వాచాయని ఏడు రోజులు యాంటీబయాటిక్ ఇచ్చారు. మూడో రోజుకే హుషారైపోయింది. ఆరు వారాలకు మళ్లీ అదే గొడవ, మళ్లీ మందు, మళ్లీ తగ్గింది. ఇప్పుడు మూడోసారి. (మధ్యలో బాగున్నప్పుడు కూడా వారంలో రెండు మూడు రోజులు తెల్లవారుజామున పసుపుపచ్చ నీళ్లు కక్కుతుంది. కాసేపటికి మామూలైపోతుంది కాబట్టి పట్టించుకోలేదు.) ఆపరేషన్ చేయించి టాన్సిల్స్ తీయించేస్తే పీడా పోతుందని తెలిసినవాళ్లంటున్నారు. మా ఎనిమిదేళ్ల బాబుకి కూడా ఈ ఏడాది రెండుసార్లు గొంతు వాచింది. ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటోందా? మా అత్తగారేమో ఇదంతా రోజంతా మొరగడం వల్లేనంటారు. ఇంకో మాట చెప్పాలంటే భయంగా ఉంది. మొన్న రాత్రి డాక్టరు దొరక్క, నేను వేసుకునే నొప్పి మాత్ర సగం విరిచి దానికి వేయబోయాను. మావారు ఆపారు. వేసుంటే ఏమయ్యేది?

సమాధానం: ముందు ఆ మాత్ర సంగతి చెప్పేస్తాను, ఎందుకంటే ఈ రాత్రే ఇంకెవరో అదే పని చేయబోతూ ఉండొచ్చు. మీవారు ఆపి మంచి పని చేశారు. మాత్ర పేరు మీరు రాయలేదు. ఇబుప్రోఫెన్ 400 మిల్లీగ్రాములదే అనుకుందాం. అందులో సగం అంటే 200. ఆరు కిలోల చిట్టికి అది కిలోకు 33 మిల్లీగ్రాముల లెక్కన పడుతుంది. కుక్క పొట్ట దెబ్బతినడానికి ఆ మోతాదు చాలు. మోతాదు ఇంకా పెరిగితే కడుపులో పుళ్లు పడి రక్తపు వాంతులవుతాయి, కిడ్నీలు దెబ్బతింటాయి. మన ఒంట్లో కంటే ఈ మందు కుక్క ఒంట్లో చాలాసేపు తిష్ఠ వేస్తుంది. నాప్రోక్సెన్ ఇంతకంటే ప్రమాదం. పారాసిటమాల్‌ని కుక్కలకి పశువైద్యులు ఒక్కోసారి బరువు చూసి, లెక్కకట్టి ఇస్తారు కానీ, మోతాదు దాటితే అది కాలేయాన్ని, రక్తాన్ని దెబ్బతీస్తుంది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని ఊరికే అనలేదు. పైగా కుక్కకి మనలాంటి కొండనాలుక కూడా లేదు.

ఒకవేళ ఎప్పుడైనా పొరపాటున అలాంటి మాత్ర మింగేస్తే, అది బాగానే తిరుగుతోంది కదా అని చూస్తూ కూర్చోకండి. వెంటనే డాక్టరుకి ఫోన్ చేసి మాత్ర పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, ఎప్పుడు మింగింది, కుక్క బరువెంత అన్నవి చెప్పండి. ఇంట్లో ఉప్పునీళ్లు తాగించి కక్కించే ప్రయత్నం మాత్రం వద్దు. ఒంట్లో ఉప్పు పెరిగిపోతే అది ఇంకో విషం.

ఇక అసలు సంగతి. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నాకు కావలసిన మాట మీరు బ్రాకెట్లలో పెట్టి రాసేశారు. ఆ తెల్లవారుజాము పసుపుపచ్చ నీళ్లు. దాని దగ్గరికి వస్తాను, అంతకంటే ముందు కుక్క గొంతులో ఈ టాన్సిల్స్ ఎక్కడుంటాయో తెలిస్తే మిగతాది అర్థం చేసుకోవడం సులువు.

నోటి లోపల, నాలుక మొదలు దాటాక, కుడి పక్కన ఒకటి, ఎడమ పక్కన ఒకటి ఉంటాయి. మనకైతే నోరు తెరిచి ఆ అంటే కనబడతాయి. కుక్కకలా కాదు. ఒక్కో టాన్సిల్‌కీ చొక్కా జేబు లాంటి చిన్న సంచి ఉంటుంది, దాని ముందు పల్చటి చర్మపు మడత. ఆరోగ్యంగా ఉన్నప్పుడు టాన్సిల్ ఆ జేబులో దాక్కునే ఉంటుంది, మహా అయితే అంచు గులాబీరంగులో కాస్త కనబడుతుంది. వాచిందంటే జేబులో పట్టక బయటికి పొడుచుకొస్తుంది. ఎర్రగా, నూనె రాసినట్టు మెరుస్తూ, ఒక్కోసారి సూదిమొనంత రక్తపు చుక్కలతో, ఇంకోసారి తెల్లటి చీము మచ్చలతో కనబడుతుంది. ముట్టుకుంటే రక్తం చిమ్మేంత సున్నితంగా కూడా ఉండొచ్చు.

మీరు చూసిన లక్షణాలు దానికి సరిగ్గా సరిపోతాయి. మెత్తటి పొట్టి దగ్గు, వెంటనే ఓకరింత, చివర ఒక చెంచాడు నురగో జిగురో. మింగడానికి ఇబ్బంది, చొంగ, తిండి దగ్గరికి వెళ్లి వాసన చూసి వెనక్కి రావడం, మూలకెళ్లి పడుకోవడం. కొన్నిటికి జ్వరం వస్తుంది, కొన్నిటికి రాదు. టాన్సిల్స్ బాగా వాచి కూడా పైకి ఏమీ తెలియని కుక్కలూ ఉన్నాయి. చాలామంది యజమానులు మీలాగే ఎముక ఇరుక్కుందనుకుని పరుగెత్తుకొస్తారు.

టాన్సిల్ పని కాపలా. నోట్లోంచి, ముక్కులోంచి లోపలికి వెళ్లేవాటిని అది ఒక కంట కనిపెడుతుంది. దానిమీదుగా ఏదైనా పదేపదే పారుతూ ఉంటే, అది చీము కావచ్చు, కఫం కావచ్చు, కడుపులోంచి పైకొచ్చే ఆమ్లం కావచ్చు, ఆ టాన్సిల్ వాస్తుంది. అందుకే కుక్కల్లో టాన్సిల్స్ వాపు చాలావరకు వేరే జబ్బు వెంట వచ్చేదే. సొంతంగా, వేరే కారణం లేకుండా టాన్సిల్స్ మాత్రమే వాచే రకం తక్కువ. అది ఎక్కువగా చిన్న జాతుల్లో, చిన్న వయసులో, రెండు పక్కలా కనిపిస్తుంది. వయసు పెరిగేకొద్దీ దాని బెడద తగ్గుతూ పోతుంది కూడా. చిట్టి చిన్న జాతిది, వయసు రెండేళ్లు. కాబట్టి మీ డాక్టరుగారు మొదటిసారి అలా అనుకోవడంలో తప్పేమీ లేదు, నేనైనా అలాగే అనుకుని ఉందును. కానీ మూడోసారి కూడా అదే మందు రాసే ముందు 'ఎందుకు?' అని అడగాలి.

ఇప్పుడు ఆ పసుపుపచ్చ నీళ్లు. అది పైత్యరసం. రాత్రి తిన్నది అరిగిపోయి కడుపు చాలాసేపు ఖాళీగా ఉంటే, పేగుల్లోంచి పైత్యరసం వెనక్కి జీర్ణాశయంలోకి చేరి లోపలి పొరను చురచురలాడిస్తుంది. తెల్లారేసరికి నాలుగు చెంచాల పచ్చనీళ్లు కక్కి, ఏమీ ఎరగనట్టు తోక ఊపుకుంటూ వచ్చేస్తుంది. చాలా కుక్కల్లో చూస్తాం, ఒక్కోసారైతే పెద్ద విషయం కాదు. కానీ వారానికి రెండు మూడుసార్లు, నాలుగు నెలలుగా అంటే లెక్క వేయండి. సుమారు నలభై సార్లు ఆ ఆమ్లం, పైత్యం చిట్టి టాన్సిల్స్ మీదుగా పోయాయి. నోట్లో బ్యాక్టీరియా ఎప్పుడూ ఉండనే ఉంటాయి, ఒరుసుకుపోయిన చోట అవి చేరతాయి. యాంటీబయాటిక్ వేస్తే బ్యాక్టీరియా తగ్గుతాయి, మూడో రోజుకి హుషారు వస్తుంది. వాంతులు మాత్రం అలాగే సాగుతాయి కనుక ఆరు వారాలకి కథ మళ్లీ మొదటికొస్తుంది.

ఇదే కారణమని చూడకుండా తేల్చి చెప్పలేను కానీ, నాకు ముందు అనుమానం దీనిమీదే. దీన్ని పరీక్షించడానికి ఖర్చేమీ లేదు. రోజు మొత్తంలో పెట్టే తిండి పెంచకుండా, అందులోంచే కొంచెం తీసి పడుకోబోయే ముందు పెట్టండి. పొద్దున్నే లేచిన వెంటనే ఇంకొంచెం. కడుపు ఖాళీగా ఉండే సమయం తగ్గాలి, అంతే. ఉత్త పైత్యమే అయితే రెండు వారాల్లో వాంతులు బాగా తగ్గిపోవాలి. తగ్గకపోతే, లేదా బరువు తగ్గుతున్నా, విరేచనాలున్నా, వాంతిలో రక్తమున్నా, పొట్ట ముట్టుకోనివ్వకపోయినా, అప్పుడు నులిపురుగులు, తిండి పడకపోవడం, పాంక్రియాస్ (క్లోమగ్రంథి) వాపు, పేగుల జబ్బు వంటివి వెతకాలి. దానికి మలపరీక్ష, రక్తపరీక్ష, స్కానింగ్ కావాలి.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. వాంతి వేరు, తిన్నది ఊరికే పైకి రావడం వేరు. వాంతికి ముందు కుక్క చొంగ కారుస్తుంది, పెదాలు నాక్కుంటుంది, పొట్ట రెండు మూడుసార్లు లోపలికి గుంజుకుంటుంది. రెండోదానిలో ఆ ప్రయాస ఉండదు. తల వంచగానే తిన్నది తిన్నట్టే జారి పడిపోతుంది, అరగని ముద్ద ఒక్కోసారి గొట్టం ఆకారంలో ఉంటుంది. ఇది అన్నవాహిక సాగిపోయి పని చేయకపోవడం వల్ల కావచ్చు. అలాంటి కుక్కలకి టాన్సిల్స్ వాపు కంటే, ఆ తిండి ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా రావడం పెద్ద భయం.

పైత్యం కాకపోతే నేను చూసే రెండో చోటు పళ్లు. చిన్న జాతుల్లో రెండేళ్లకే పళ్లకి గార పట్టి చిగుళ్లు ఎర్రబడటం మామూలే. పెదవి పైకెత్తి వెనక దవడ పళ్ల దగ్గర చూడండి. గోధుమరంగు పెంకు కట్టి ఉంటే, దాని నోటి వాసనకి మీరు మొహం తిప్పుకుంటుంటే, రోజంతా గొంతులోకి ఆ చీమే దిగుతోందన్నమాట. పళ్లు మత్తిచ్చి శుభ్రం చేయించకుండా టాన్సిల్స్‌కి ఎన్ని మందులేసినా లాభం లేదు. పాత దగ్గు, ముక్కులోంచి వెనక్కి కారే చీమిడి కూడా ఇదే పని చేస్తాయి. నాలుగైదు కుక్కల్ని కలిపి ఉంచే చోట వదిలి వచ్చాక గట్టిగా, బాతు అరిచినట్టు దగ్గు మొదలైతే అది కెన్నెల్ కాఫ్ అనే అంటు దగ్గు కావచ్చు. దానిలోనూ దగ్గు చివర తెల్ల నురగ వస్తుంది, టాన్సిల్స్ ఎర్రబడతాయి. టీకాల్లేని కుక్కపిల్లల్లో అయితే డిస్టెంపర్ అనే వైరస్ జబ్బు, అడినోవైరస్ వల్ల వచ్చే అంటు హెపటైటిస్ కూడా టాన్సిల్స్ వాపుతో మొదలవ్వొచ్చు. చిట్టికి టీకాలు పూర్తయ్యాయి కాబట్టి ఆ దారి వదిలేద్దాం.

ఒక పక్కే వాచడం గురించి మాత్రం కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే అందులో నేను దెబ్బతిన్నాను. ప్రాక్టీసు పెట్టిన కొత్తలో ఒక మధ్యరకం కుక్క వచ్చింది. పుల్ల విసిరితే తెచ్చి ఇవ్వడమంటే దానికి ప్రాణం. దగ్గు, ఓకరింత, తిండి మానేయడం. టాన్సిల్ ఎర్రగా ఉంది, మందిచ్చాను, తగ్గింది. మూడు వారాలకు మళ్లీ వస్తే మందు మార్చాను, అప్పుడూ తగ్గింది. మూడోసారి వచ్చినప్పుడు మత్తిచ్చి, లైటు వేసి, ఆ జేబు మడతను పట్టకారుతో మెల్లగా ఎత్తి చూశాను. కంపు కొట్టింది. లోపల అగ్గిపుల్లలో సగం ఉండే పుల్లముక్క, నాని నల్లబడి, టాన్సిల్ వెనక పక్కగా దిగి ఉంది. లాగేశాను. ఆ కుక్క గొంతు సమస్యతో మళ్లీ నా దగ్గరికి రాలేదు. ఆ సాయంత్రం పాత కాగితాలు తిరగేస్తే, మొదటి రోజున నేనే రాసి పెట్టుకున్నాను: కుడి టాన్సిల్ వాపు, ఎడమది మామూలు. రాసినవాణ్ణి నేనే, చదవనివాణ్ణీ నేనే.

రెండు పక్కలా వాస్తే ఇన్ఫెక్షనో, పారే ఆమ్లమో, చీమో అనుకోవచ్చు. ఒక పక్కే వాస్తే అక్కడ ఏదో గుచ్చుకుందని, లేదా వయసు మళ్లిన కుక్క అయితే గడ్డ అని అనుమానించాలి. ముసలి కుక్కల్లో టాన్సిల్‌కి వచ్చే ఒక రకం క్యాన్సర్ సాధారణంగా ఒక పక్కే మొదలవుతుంది, తొందరగా పాకుతుంది. దవడ కింద గట్టిగా బిళ్ల కట్టడమే ఒక్కోసారి ముందు కనబడుతుంది, లోపల టాన్సిల్ ఇంకా చిన్నగానే ఉంటుంది. లింఫోమా అనే ఇంకో రకం క్యాన్సర్ అయితే రెండు టాన్సిల్సూ పెరుగుతాయి, ఒంట్లో మిగతా చోట్ల కూడా బిళ్లలు కడతాయి. రెండేళ్ల చిట్టి విషయంలో ఇది చదివి టెన్షన్ పడకండి. ఎనిమిదేళ్లు దాటిన కుక్క ఉన్నవాళ్ల కోసం రాశాను.

మీరు వేలు పెట్టి వెతకడం గురించి. చిట్టికి టీకాలున్నాయి, మీ చేతి కుక్క, సరే. కానీ టీకాల సంగతి తెలియని కుక్క చొంగ కారుస్తూ, మింగలేక, దవడ వేలాడేసి, గొంతులో ఏదో ఇరుక్కున్నట్టు కనబడితే అందులో చేయి పెట్టకూడదు. రేబిస్ ఒక్కోసారి కరిచే కోపంతో కాకుండా సరిగ్గా ఇలాగే మొదలవుతుంది. జాలిపడి ఎముక తీయబోయినవాళ్లు దాని బారిన పడ్డారు. పొరపాటున ఆ చొంగ గాయానికో, కంటికో, నోటికో తగిలితే, గాయాన్నైతే పావుగంట సబ్బు నీళ్లతో, కంటినీ నోటినీ మంచినీళ్లతో బాగా కడిగి, అదే రోజు మనుషుల డాక్టరు దగ్గరికి వెళ్లి టీకా మొదలుపెట్టాలి. మీ చిట్టి నోరే అయినా, చీకట్లో వేలు పెట్టి తడిమితే అసలున్న ఎముకను ఇంకా లోపలికి తోసేసే ప్రమాదముంది. ఆవలించినప్పుడో, రొప్పుతున్నప్పుడో ఫోన్ లైటు వేసి చూడండి చాలు. దారం వేలాడుతుంటే లాగకండి, రెండో కొస సూదికో పేగులకో చిక్కుకుని ఉండొచ్చు.

యాంటీబయాటిక్ గురించి ఒక మాట. బ్యాక్టీరియా వల్ల వాచినప్పుడు అది కావాలి, పెన్సిలిన్ జాతి మందులు సాధారణంగా బాగానే పని చేస్తాయి. హుషారొచ్చిందని మూడో రోజే ఆపేయకూడదు, డాక్టరు చెప్పినన్ని రోజులూ వేయాలి. మిగిలిన మాత్రలు దాచి, తర్వాతిసారి మీ అంతట మీరే మొదలుపెట్టడం ఇంకా తప్పు. రెండుసార్లు తిరగబెట్టింది కాబట్టి ఈసారి గొంతులోంచి స్వాబ్ తీసి, ఏ బ్యాక్టీరియా పెరుగుతోందో చూసే కల్చర్ పరీక్ష చేయిద్దామని డాక్టరు అనొచ్చు, మంచిదే. కానీ ఆ చోట మామూలు రోజుల్లోనే రకరకాల బ్యాక్టీరియా కాపురముంటాయి, కాబట్టి రిపోర్టులో ఏదో ఒక పేరు వచ్చిందని దొంగ దొరికాడనుకోకండి.

ఆపరేషన్ సంగతికొద్దాం. తీయించకూడదని కాదు. వేరే కారణాలన్నీ చూసి, ఏమీ లేదని తేలాక కూడా పదేపదే వాస్తుంటే, లేదా టాన్సిల్స్ ఉబ్బి ఊపిరికి, మింగడానికి అడ్డమవుతుంటే, లేదా గడ్డ అనుమానముంటే తీసేస్తారు. నిజంగా సొంతంగా వచ్చే రకమే అయితే తీసేశాక ఆ బాధ శాశ్వతంగా పోతుంది. టాన్సిల్స్ లేకపోయినంత మాత్రాన కుక్కకి రోగనిరోధక శక్తి కుప్పకూలిపోదు, ఒంట్లో ఆ పని చేసే గ్రంథులు ఇంకా చాలా ఉన్నాయి. కానీ అది రక్తం బాగా పారే చోటు. కోత తర్వాత రక్తస్రావం కావచ్చు, గొంతు వాచి ఊపిరి ఇబ్బంది కావచ్చు, ఒక రాత్రైనా కళ్లలో వత్తులేసుకుని చూసుకోవాలి. పైత్యం కక్కుతున్న కుక్కకి టాన్సిల్స్ తీసేస్తే ఆ పైత్యం ఎక్కడికీ పోదు, గొంతు మంట అలాగే ఉంటుంది. పగ్, బుల్‌డాగ్ లాంటి చప్పిడి ముక్కు కుక్కల్లో మాత్రం కథ వేరు. వాటికి అంగిలి పొడుగై, ఊపిరి లాక్కోవడానికి పెట్టే బలం వల్ల టాన్సిల్స్ జేబుల్లోంచి బయటికొచ్చేస్తాయి. వాటికి ముక్కు, అంగిలి సరిచేసే ఆపరేషన్‌తో పాటు అవసరమైతే ఇవీ చూస్తారు. మీ చిట్టికి నేనైతే ఇప్పుడు కత్తి జోలికి వెళ్లను.

బాబు విషయం. పిల్లలకి గొంతు వాపులో సగానికి పైగా వైరస్‌లవే. బ్యాక్టీరియాలో ముఖ్యమైనది గ్రూప్ ఎ స్ట్రెప్టోకాకస్, దాని ఇల్లు మనిషి గొంతు. బడిలో పక్క పిల్లాడి నుంచి వస్తుంది తప్ప, కుక్క నుంచి రావడం దాదాపు లేదనే అనుకోవచ్చు. కుక్కల్లో సాధారణంగా ఉండేది వేరే రకం, స్ట్రెప్టోకాకస్ కానిస్ అంటారు. అందుకని బాబుకి గొంతు వాచిందని చిట్టికి, చిట్టికి వాచిందని బాబుకి మందు వేయక్కర్లేదు. ఎవరి డాక్టరు వాళ్లకి. చిట్టి బాగాలేనన్నాళ్లూ బాబు మూతి నాకనివ్వకండి, ముట్టుకున్నాక చేతులు కడుక్కోమనండి, ఇద్దర్నీ విడదీసి ఏడిపించొద్దు. బాబు మందుసీసాలో మిగిలింది మాత్రం చిట్టికి పోయకండి. చక్కెర లేని పిల్లల సిరప్‌లు కొన్నిటిలో తీపి కోసం జైలిటాల్ కలుపుతారు. మనకేమీ కాదు కానీ కుక్కకి అది కొద్దిగా పడినా రక్తంలో చక్కెర దబ్బున పడిపోతుంది, కాలేయం కూడా దెబ్బతినొచ్చు. జలుబు, దగ్గు సిరప్‌లలో ఉండే కొన్ని మందులు గుండెదడ పుట్టిస్తాయి.

మీ అత్తగారి మాట పూర్తిగా కొట్టిపారేయలేను. మొరిగితే ఇన్ఫెక్షన్ రాదు. కానీ గంటల తరబడి మొరిగిన కుక్కకి గొంతు ఒరుసుకుపోయి బొంగురుపోతుంది, వాపు మీద అది ఇంకా మంట. అంతకంటే నేను పట్టించుకునేది మెడ బెల్టు. చిట్టి లాక్కుంటూ నడిచే రకమైతే ప్రతి లాగుడూ గొంతుమీదే పడుతుంది. చిన్న జాతుల్లో శ్వాసనాళం మెత్తబడి కూరుకుపోయే జబ్బు కూడా ఉంది, దానికీ ఇలాగే దగ్గు, ఓకరింత వస్తాయి. ఛాతీకి కట్టే హార్నెస్ ఒకటి తీసుకోండి, ఇవాళ్టి నుంచే మెడకి కట్టడం మానేయండి.

ఇప్పుడు వాపు ఉంది కాబట్టి నాలుగైదు రోజులు తిండి మెత్తగా, జారుడుగా, కొంచెం గోరువెచ్చగా పెట్టండి. గట్టి గుళికలే అలవాటైతే గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టి మెదిపి పెట్టండి. ఎముకలు, కొరికే బొమ్మలు, పుల్లలు పక్కన పెట్టేయండి. నీళ్లు ఎన్నిసార్లు తాగిందో గమనించండి, ఎందుకంటే గొంతు నొప్పికి తిండికంటే నీళ్లు మానేయడం ప్రమాదం. నొప్పికి మందు డాక్టరునే అడగండి, కుక్కల కోసమే తయారుచేసినవి ఉన్నాయి. ఇప్పటికే స్టెరాయిడ్ ఇస్తుంటే ఆ సంగతి తప్పకుండా చెప్పండి, ఆ రెండూ కలిస్తే కడుపులో పుండ్లు పడతాయి. జ్వరం చూడాలంటే ముక్కు తడిగా ఉందా పొడిగా ఉందా అన్నది లెక్క కాదు. డిజిటల్ థర్మామీటరుకి కాస్త వాజిలిన్ రాసి ఆసనంలో పెట్టి చూడాలి. కుక్కకి 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ మామూలు. మన లెక్కలో 102 అంటే దుప్పటి కప్పుతాం, దానికది ఆరోగ్యం. 103 దాటితే జ్వరం అనుకోండి, 104 దాటితే ఆ రోజే డాక్టరు దగ్గరికి.

రాత్రయినా సరే వెంటనే బయల్దేరాల్సినవి కొన్నున్నాయి. ఊపిరి తీస్తుంటే గురక చప్పుడు రావడం, చిగుళ్లు నీలంగానో తెల్లగానో మారడం, ముంగాళ్లతో మూతిని పిచ్చిగా గీరుకోవడం, సొంత ఉమ్మి కూడా మింగలేకపోవడం. ఇంకోటి మరీ ముఖ్యం: ఓకరిస్తున్నా ఏమీ బయటికి రాకుండా పొట్ట డోలులా ఉబ్బితే అది గొంతు గొడవ కానే కాదు, జీర్ణాశయం మెలిపడి ఉండొచ్చు. పెద్ద జాతుల్లో ఎక్కువ, గంటల్లో ప్రాణం తీస్తుంది.

ఇవేవీ లేకపోతే రెండు మూడు రోజుల్లో మీ డాక్టరుగారినే మళ్లీ కలవండి. డాక్టర్ని మార్చాల్సిన పనిలేదు, ఆయనకి పసుపుపచ్చ నీళ్ల సంగతి మీరు చెప్పి ఉండరు, చెప్పకుండా ఆయనకెలా తెలుస్తుంది? వాచింది ఒక పక్కా, రెండు పక్కలా అని అడగండి. పళ్లు చూడమనండి. మెలకువలో ఉన్న కుక్క నోట్లో కనబడేది అరక్షణం, కాబట్టి పళ్లు శుభ్రం చేయించాల్సి వచ్చి ఎలాగూ మత్తిస్తే, అదే మత్తులో టాన్సిల్ జేబులు కూడా ఎత్తి చూడమని ముందే చెప్పి ఉంచండి. వెళ్లేలోపు ఇంట్లో క్యాలెండరు మీదే రాసుకోండి: ఏ రోజు కక్కింది, ఎన్నింటికి, ఏ రంగు, అంతకుముందు ఎప్పుడు తింది.

ఒక వీడియో కూడా కావాలి. ఓకరించడం మొదలవగానే ఫోన్ తీయండి. అందరూ ప్రేమకొద్దీ మొహం దగ్గరగా తీసి తెస్తారు, అందులో నాకు కళ్లు తప్ప ఏమీ కనబడవు. ఫోన్ అడ్డంగా పట్టుకుని, పక్కనుంచి, మూతి నుంచి తోక దాకా వచ్చేలా తీయండి. పొట్ట గుంజుకుంటోందా, ఛాతీ మాత్రమే కదులుతోందా అన్నది కనబడాలి. మొదటిదైతే కడుపు, రెండోదైతే గొంతో ఊపిరితిత్తులో.

ఇంతకీ చిట్టి రాత్రి తిండి ఎన్నింటికి పెడుతున్నారో మీరు రాయలేదు. ఏడింటికే అయితే, ఈ రాత్రి పదకొండుకి నాలుగు ముద్దలు పెట్టి చూడండి.